ఉప్పు చల్లే చందమామ

గురుడు సింహరాశిలో అడుగుపెడితే గోదారికి పుష్కరాలు. ఆ లెక్క ఈ జిల్లాల్లో చంటిపిల్లలకూ తెలుసు. మరి అదే గురుడి చుట్టూ తిరిగే ఓ బుల్లి చందమామ సెకనుకు టన్ను చొప్పున గ్యాసును ఆకాశంలోకి వదిలేస్తోందనీ, ఆ మేఘం పాతకాలపు వీధిదీపంలా పసుపు రంగులో వెలుగుతుందనీ తెలుసా? అలాంటి వేటలోనే, హైదరాబాద్‌లో పెరిగిన ఓ శాస్త్రవేత్త కట్టించిన అబ్జర్వేటరీ ఓ రాత్రి ప్రపంచం దృష్టిలో పడిందనీ, ఆ రాత్రి మొదలైన ప్రశ్నకు పూర్తి జవాబు ఇంకా రావాల్సే ఉందనీ తెలుసా?

జంగారెడ్డిగూడెంలో కరెంటు పోయిన రాత్రి డాబా ఎక్కితే ఆకాశం ఒక్కసారిగా దగ్గరికొచ్చినట్టు ఉంటుంది. ఉత్తరాన బుట్టాయిగూడెం వైపు ఏజెన్సీ అడవి, నల్లటి గోడలా కనిపిస్తుంది. ఆ పైన చుక్కలే చుక్కలు. వాటిల్లో మినుకుమినుకుమనకుండా, కాస్త పాలరంగులో నిలకడగా వెలిగేది ఒకటుంటుంది. అదే గురుగ్రహం. బృహస్పతి అన్నా అదే. శుక్రుడి తర్వాత రాత్రి ఆకాశంలో ఎక్కువగా మెరిసే గ్రహం సాధారణంగా ఇదే.

మామూలు బైనాక్యులర్స్‌ తీసుకుని, చెయ్యి కదలకుండా పిట్టగోడకు ఆనించి చూస్తే గురుడి పక్కన ఒకే గీత మీద పేర్చినట్టు రెండో మూడో నాలుగో చిన్న చుక్కలు కనిపిస్తాయి. 1610 జనవరి 7న ఇటలీలో గెలీలియో తన టెలిస్కోపుతో చూసినవి ఇవే. అయో, యూరోపా, గానిమీడ్, కలిస్టో. గురుడి నాలుగు పెద్ద చందమామలు. వాటిల్లో గురుడికి అన్నిటికన్నా దగ్గరగా తిరిగేది అయో. మన కథానాయకి అదే.

అయో మన చందమామ కన్నా కాస్తే పెద్దది. దాని వ్యాసం 3,643 కిలోమీటర్లు. గురుడికి దాదాపు 4,22,000 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే మనకూ చందమామకూ ఉన్న దూరం కంటే మరీ ఎక్కువేం కాదు. కానీ మన చందమామ భూమిని చుట్టిరావడానికి 27 రోజులు తీసుకుంటే, అయో మాత్రం నలభై రెండున్నర గంటల్లో గురుణ్ని చుట్టేస్తుంది. గురుడి ఆకర్షణ అంత బలమైంది మరి!

వంటింట్లో ఉంది ఆధారం

అయో చుట్టూ గ్యాసు మేఘం ఉందని ఎలా కనిపెట్టారు? అందుకు ఆధారం మన వంటింట్లోనే ఉంది. ఉప్పు వేసిన పప్పు పొంగి పొయ్యి మీద పడిందనుకోండి. అప్పటిదాకా నీలంగా ఉన్న గ్యాసు మంట ఒక్కసారిగా పసుపు రంగులోకి మారుతుంది. ఇల్లాలు కంగారుగా గిన్నె దించుతుందే తప్ప ఆ రంగు సంగతి పట్టించుకోదు. ఉప్పులో ఉండే సోడియం చేసే మాయ అది. సోడియం అణువులకు వేడి తగిలినా వెలుగు తగిలినా సరే... ఒక ప్రత్యేకమైన పసుపు రంగు కాంతినే వెదజల్లుతాయి. వేలిముద్రలా అన్నమాట. ఎల్‌ఈడీ దీపాలు రాకముందు మన ఊళ్ల వీధుల్ని పసుపు వెలుగుతో నింపిన సోడియం దీపాల రహస్యమూ ఇదే.

1972లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త రాబర్ట్‌ బ్రౌన్‌ అయో నుంచి వచ్చే కాంతిని రంగులుగా విడగొట్టి చూశాడు. అయో సొంతంగా వెలగదు. సూర్యకాంతిని తిప్పిపంపుతుందంతే. అయినా సరిగ్గా సోడియం పసుపు రంగు దగ్గర వెలుగు మామూలు కన్నా ఎక్కువగా ఉంది! ఎవరో ఉప్పు తీసుకెళ్లి అక్కడ చల్లినట్టు. పైగా ఆ వెలుగు అయో మీద నుంచే కాదు, దాని చుట్టుపక్కల ఉన్న ఖాళీ ఆకాశం నుంచి కూడా వస్తోందని తర్వాతి పరిశీలనల్లో తేలింది. అంటే అయో చుట్టూ కంటికి కనిపించని మేఘం ఉంది. సూర్యుడి వెలుగు తగిలి అది మెరుస్తోంది.

ఇందులో చిత్రమైన చిక్కు ఒకటుంది. మన భూమి వాతావరణంలోనూ దాదాపు 90 కిలోమీటర్ల ఎత్తున పల్చటి సోడియం పొర ఉంది. ఉల్కలు కాలిపోతూ వదిలిన సోడియమే అది. ఊళ్లలో సోడియం దీపాలు సరేసరి. మూడూ ఒకే రంగు. మరి ఏది ఇంటి దీపమో ఏది అయో దీపమో తెలిసేదెలా? అయో సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. మన వైపు వస్తున్నప్పుడు దాని రంగు ఇసుమంత నీలం వైపు, దూరంగా వెళ్తున్నప్పుడు ఇసుమంత ఎరుపు వైపు జరుగుతుంది. దగ్గరికొస్తున్న రైలు కూత సన్నగానూ, దాటి వెళ్లిపోతున్నప్పుడు బొంగురుగానూ వినిపిస్తుందే... అలాగన్నమాట. ఆ చిన్న తేడా పట్టుకునే శాస్త్రవేత్తలు అయో సోడియాన్ని వేరు చేస్తారు.

నేల కూడా పొంగుతుంది

సోడియం దొరికింది. ఆ తర్వాత 1970ల మధ్యలో పొటాషియం, గంధకం జాడలూ కనిపించాయి. సరే, చలికి గడ్డకట్టుకుపోవాల్సిన ఆ బుల్లి గోళానికి ఇంత గ్యాసు ఎక్కణ్నుంచి వస్తోంది?

అంతర్వేది దగ్గర సముద్రం పోటు మీదున్నప్పుడు చూసినవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. చందమామ లాగితే మన సముద్రం పొంగుతుంది. గురుడు మన భూమి కన్నా 300 రెట్లకు పైగా బరువు. అంత బరువున్నది లాగితే అయోలో నీళ్లు కాదు, ఏకంగా రాతినేలే పొంగుతుంది. వంద మీటర్ల వరకూ ఎగసి దిగుతుందని అంచనా. దీనికితోడు పక్కింటి గొడవ ఒకటి. యూరోపా ఒక చుట్టు తిరిగేసరికి అయో రెండు చుట్లు, గానిమీడ్‌ ఒక చుట్టు తిరిగేసరికి అయో నాలుగు చుట్లు తిరుగుతుంది. దాంతో అవి పదే పదే ఒకే చోట కలుసుకుని అయోను పక్కకు లాగుతుంటాయి. దాని దారి గుండ్రంగా కుదురుకోనివ్వవు. అందుకే అయో ఓసారి గురుడికి దగ్గరగా, ఓసారి దూరంగా జరుగుతూ నలిగిపోతుంటుంది. ఇనప తీగను అటూ ఇటూ పదేపదే వంచితే వంపు దగ్గర వేడెక్కుతుంది కదా. అయో లోపలా అదే జరుగుతోంది.

ఈ లెక్క వేసి, 'అయో లోపల కరిగిపోయి ఉంటుంది, అగ్నిపర్వతాలు ఉండొచ్చు' అని స్టాంటన్‌ పీల్‌ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ప్రకటించారు. ఆ వ్యాసం అచ్చయింది 1979 మార్చి 2న. మూడు రోజుల తర్వాత, మార్చి 5న నాసా వాళ్ల వాయేజర్‌-1 వ్యోమనౌక గురుడి పక్కనుంచి దూసుకుపోయింది. మార్చి 8న అది వెనక్కి తిరిగి అయోను ఓ ఫొటో తీసింది. శాస్త్ర పరిశోధన కోసం కాదు, నౌక దారి సరిచూసుకోవడానికి. ఆ ఫొటోను పరిశీలిస్తున్న లిండా మొరాబిటో అనే యువ ఇంజినీరుకు అయో అంచున గొడుగులా లేచిన ఏదో కనిపించింది. మరో చందమామ వెనకనుంచి తొంగిచూస్తోందా అనుకున్నారు. కాదు! అది అయో మీది అగ్నిపర్వతం ఎగజిమ్మిన గ్యాసు, ధూళి. దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తుకు లేచిన ఫౌంటెన్‌! భూమికి అవతల, నిప్పులు కక్కుతున్న అగ్నిపర్వతాన్ని మనిషి చూడటం అదే మొదటిసారి.

ఇప్పుడు అక్కడ 400కు పైగా అగ్నిపర్వతాలు లెక్క తేలాయి. వాటిలోని గుంటలకు ప్రపంచ దేశాల అగ్ని, సూర్య, పిడుగు దేవుళ్ల పేర్లు పెడుతుంటారు. అందులో 'సూర్య', 'సవితృ' అనే మన పేర్లూ ఉన్నాయి. అవి ఎగజిమ్మేది ఎక్కువగా సల్ఫర్‌ డయాక్సైడ్‌. అగ్గిపుల్ల గీసినప్పుడు ముక్కుకు తగిలే ఘాటు వాయువన్నమాట. మరి ఉప్పో? 2002లో స్పెయిన్‌లోని రేడియో టెలిస్కోపుతో చూసినప్పుడు అయో మీది గ్యాసులో సాక్షాత్తూ సోడియం క్లోరైడ్‌ ఆవిరి కనిపించింది. మనం కూరలో వేసుకునే ఉప్పే!

ఇంకో వింత. అయో నేల మీద ఎండ పడ్డచోట కూడా దాదాపు మైనస్‌ 148 డిగ్రీలుంటుంది. ఆ కాస్త వేడికే సల్ఫర్‌ డయాక్సైడ్‌ మంచు ఆవిరై పల్చటి గాలి పొరగా లేస్తుంది. ప్రతి చుట్టులోనూ దాదాపు రెండు గంటలు అయో గురుడి నీడలోకి వెళ్తుంది. అప్పుడు మరో ఇరవై డిగ్రీలు పడిపోతుంది. అంతే, గాలి మంచుగా మారి నేల మీద రాలిపోతుంది! హవాయిలోని జెమినై టెలిస్కోపుతో 2013లో శాస్త్రవేత్తలు ఈ తంతును గమనించారు. మళ్లీ ఎండ తగిలితే మళ్లీ గాలి. రోజూ చచ్చి బతికే వాతావరణం అది.

అరటిపండు, గారె

ఈ గ్యాసంతా అయో మీదే ఉండిపోతే కథ ఇంతటితో అయిపోయేది. కానీ గురుడు ఊరుకోడు. అతని చుట్టూ బ్రహ్మాండమైన అయస్కాంత క్షేత్రముంది. గురుడు పది గంటల్లోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు. ఆ అయస్కాంత క్షేత్రం కూడా తనతోపాటే గిర్రున తిరుగుతుంది. అందులో చిక్కుకున్న విద్యుదావేశమున్న కణాలు సెకనుకు 74 కిలోమీటర్ల వేగంతో వచ్చి, 17 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న అయోను వెనకనుంచి గుద్దుతుంటాయి. నూర్పిళ్లప్పుడు గాలి వాటానికి ఊక లేచిపోయినట్టు, అయో పైపొరల్లోని గ్యాసు ఆ దెబ్బకు లేచిపోతుంది. సెకనుకు సుమారు టన్ను! అంటే జంగారెడ్డిగూడెం రోడ్ల మీద కనిపించే పది టన్నుల లారీ పది సెకన్లకొకటి చొప్పున నిండి వెళ్లిపోతున్నట్టు. రాత్రీ పగలూ, కోట్ల ఏళ్లుగా.

ఇలా లేచినవాటిలో సోడియం వాటా చాలా తక్కువ. కానీ అది బాగా మెరుస్తుంది కాబట్టి మనకు కనిపిస్తుంది. అయోకు దగ్గరగా ఉన్న సోడియం మేఘం అరటిపండు ఆకారంలో ఉంటుంది. చిత్రమేంటంటే అది అయో వెనక తోకలా కాదు, ఎక్కువగా ముందుకు సాగి ఉంటుంది. పొగాకు బ్యారన్‌ గొట్టంలోంచి లేచిన పొగ గాలివాటున వెనక్కి పోవడం చూసే కళ్లకు ఇది విడ్డూరమే. కారణం తేలికే. గురుడి వైపు జారిన అణువుల దారి చిన్నది, వేగం ఎక్కువ. కళ్లంలో గుంజకు దగ్గరగా నడిచే ఎద్దుకు చుట్టు త్వరగా పూర్తవుతుందే, అలా అవి అయోను దాటి ముందుకెళ్లిపోతాయి.

గంధకం, ఆక్సిజన్‌ అణువుల కథ వేరు. అవి గుద్దుళ్లలో ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటాయి. విద్యుదావేశం రాగానే గురుడి అయస్కాంత క్షేత్రం వాటిని పట్టేస్తుంది. ఇక అవి దాంతోపాటే తిరగాలి. అలా పోగుపడి గురుడి చుట్టూ ఓ పెద్ద చిల్లు గారెలా ఏర్పడ్డాయి. గారె మధ్య చిల్లులో గురుడు, గారెలోంచి ఈదుతూ వెళ్లే అయో. ఆ గారె కాస్త ఒరిగి ఉంటుంది కాబట్టి అయో ఓసారి దాని నడిబొడ్డులోంచీ, ఓసారి అంచులోంచీ వెళ్తుంటుంది. అందులో ఘనపు సెంటీమీటరుకు రెండు వేల ఎలక్ట్రాన్లుంటే గొప్ప. మనం పీల్చే గాలితో పోలిస్తే అది శూన్యం కిందే లెక్క. కానీ వేగం వల్ల ఆ కణాల ఉష్ణోగ్రత లక్షల డిగ్రీల్లో ఉంటుంది.

కథ అక్కడితోనూ ఆగలేదు. 1990లో అమెరికాలోని బోస్టన్‌ యూనివర్సిటీకి చెందిన మైకేల్‌ మెండిల్లో బృందం గురుడి చుట్టూ విశాలమైన ఆకాశాన్ని ఫొటో తీసి చూస్తే, సోడియం వెలుగు గురుడికి రెండు కోట్ల కిలోమీటర్లకు అవతల దాకా వ్యాపించి ఉంది! మనిషి కన్ను గనక అంత మసక వెలుగును చూడగలిగితే, మన డాబా మీది ఆకాశంలో అది నిండు చందమామ కన్నా ఎన్నో రెట్లు పెద్దగా పరుచుకుని కనిపిస్తుంది. ఇదంతా, బైనాక్యులర్స్‌లో సూదిమొనంత చుక్కగా కనిపించే అయో చేసిన పని.

రేడియోలో గురుడి గోల

ఆ మేఘాన్ని కంటితో చూడలేకపోయినా చెవితో వినొచ్చు. 1955లో అమెరికాలో బెర్నార్డ్‌ బర్క్‌, కెనెత్‌ ఫ్రాంక్లిన్‌ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు తమ రేడియో యాంటెనాలో అంతుపట్టని గరగర వినిపించింది. అది గురుడి నుంచి వస్తోందని తర్వాత తెలిసింది. 1964లో ఆస్ట్రేలియాకు చెందిన ఇ.కె.బిగ్‌ మరో సంగతి కనిపెట్టారు. ఆ గోల ఎప్పుడు పడితే అప్పుడు రాదు, అయో తన దారిలో ఫలానా చోట ఉన్నప్పుడే ఎక్కువగా వస్తుందని. అయోకూ గురుడికీ మధ్య లక్షల ఆంపియర్ల కరెంటు పారుతోంది. కరెంటు తీగల్లేవు. అయస్కాంత రేఖల వెంబడే ప్రవాహం. అది గురుడిని తాకే చోట ధ్రువకాంతి చుక్క ఒకటి మెరుస్తుంటుంది.

పాత షార్ట్‌వేవ్‌ రేడియోల్లో 20 మెగాహెర్ట్జ్‌ చుట్టుపక్కల ఈ శబ్దం దొరుకుతుంది. ఓసారి ఒడ్డును తాకే అలల్లా, ఓసారి పేలాలు వేగుతున్నట్టు. విద్యార్థులు చవకైన రిసీవర్లు కట్టుకుని వినేందుకు 1990ల చివర్లో 'రేడియో జోవ్‌' అనే కార్యక్రమం కూడా మొదలైంది.

కావలూరులో ఆ రాత్రి

ఇంతవరకూ అన్నీ అమెరికా, ఆస్ట్రేలియా ముచ్చట్లే. మరి మనవాళ్లో?

కుప్పం దాటి తమిళనాడులో అడుగుపెట్టాక, వాణియంబాడికి దగ్గర్లో జవ్వాది కొండలున్నాయి. అక్కడి కావలూరు అబ్జర్వేటరీకి ఇప్పుడు వైను బప్పు పేరు పెట్టారు. బప్పు కుటుంబం కేరళ నుంచి వచ్చింది. కానీ ఆయన పెరిగింది, నిజాం కాలేజీలో చదివింది హైదరాబాద్‌లో. తండ్రి బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. అక్కడి టెలిస్కోపుల నీడలోనే కుర్రాడికి ఆకాశం మీద మక్కువ కలిగింది. హైదరాబాద్‌ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్‌ వెళ్లి, 1949లో ఓ తోకచుక్కను కనిపెట్టి దానికి తన పేరు కూడా చేర్చుకున్నారు. అక్కడే ఉండిపోకుండా తిరిగొచ్చారు. 1960లో కొడైకెనాల్‌ అబ్జర్వేటరీ బాధ్యతలు చేపట్టారు. చుక్కల్ని చూడటానికి మంచి చీకటి చోటు కావాలని వెతికి వెతికి కావలూరును ఎంచుకున్నారు.

1972లో అక్కడికి జర్మనీ నుంచి ఒక మీటరు అద్దమున్న కొత్త టెలిస్కోపు వచ్చింది. అది పని మొదలుపెట్టిన ఏడాదే ఓ అరుదైన అవకాశం తలుపు తట్టింది. జూన్‌ 7న గానిమీడ్‌ ఓ చిన్న నక్షత్రానికి అడ్డంగా వెళ్లబోతోంది. గురుడి చందమామల్లోకెల్లా పెద్దది అది. బుధ గ్రహం కన్నా పెద్దది. ఆ దృశ్యం భూమ్మీద అన్ని చోట్లా కనిపించదు. దక్షిణ భారతం, ఇండోనేసియాలోని జావా ఆ దారిలో ఉన్నాయి. చూడటానికి దొరికేది కొద్ది నిమిషాలే. అందులోనూ జూన్‌ మొదటి వారం. రుతుపవనాలు ముంచుకొచ్చే రోజులు. ఒక్క మబ్బు అడ్డొచ్చినా అంతే సంగతులు.

ఇందులో ఏం చూస్తారంటారా? గోడ చాటుకు వెళ్తున్న దీపం టక్కున మాయమవుతుంది. అదే గోడ అంచున దోమతెర కట్టి ఉంటే? మెల్లగా మసకబారి మాయమవుతుంది. మన చందమామకు గాలి లేదు కాబట్టి దాని వెనక్కి వెళ్లే నక్షత్రాలు టక్కున ఆరిపోతాయి. గానిమీడ్‌ వెనక్కి వెళ్లే చుక్క మెల్లగా మసకబారితే దాని చుట్టూ గాలి పొర ఉన్నట్టు.

ఆ రాత్రి ఆకాశం కరుణించింది. కావలూరులో జె.సి.భట్టాచార్య బృందం, జావాలోని లెంబాంగ్‌లో మరో బృందం చుక్క వెలుగును క్షణక్షణం నమోదు చేశాయి. చుక్క టక్కున ఆరిపోలేదు. మెల్లగా తగ్గింది. 'గానిమీడ్‌కు వాతావరణం ఉంది' అని 1973లో భారత్, అమెరికా, ఇండోనేసియా శాస్త్రవేత్తల పేర్లతో 'సైన్స్‌' పత్రికలో వ్యాసం వెలువడింది. భూమ్మీది గాలి ఒత్తిడిలో కనీసం పది లక్షల్లో ఒక వంతు ఉంటుందని అంచనా. కొత్త టెలిస్కోపుకు అంతకన్నా మంచి బోణీ ఏముంటుంది?

తప్పా... ఒప్పా?

ఏడేళ్లు తిరిగేసరికి కథ అడ్డం తిరిగింది. 1979లో వాయేజర్‌ వెళ్లి, దగ్గర నుంచి అదే పద్ధతిలో పరీక్ష చేసింది. గానిమీడ్‌ వెనక్కి నక్షత్రం వెళ్తున్నప్పుడు అతినీలలోహిత కాంతిలో చూసింది. అక్కడ కావలూరు లెక్క చెప్పినంత గాలి లేదు! ఉంటే గింటే దానికన్నా వేల రెట్లు తక్కువగానే ఉండాలని తేలింది.

ఎంతో కష్టపడి కట్టుకున్న టెలిస్కోపు చేసిన తొలి పెద్ద ప్రకటనే తప్పని తేలితే ఎలా ఉంటుంది? కానీ సైన్సులో ఓడిపోవడం అంటే అబద్ధం చెప్పడం కాదు. ఆ రాత్రి కొలిచిన మరో అంకె ఉంది. చుక్క ఎంతసేపు కనిపించకుండా పోయిందో రెండు చోట్లా చూసి గానిమీడ్‌ వ్యాసం 5,270 కిలోమీటర్లని లెక్కగట్టారు. వ్యోమనౌకలు దగ్గరికెళ్లి కొలిస్తే తేలింది 5,268 కిలోమీటర్లు! భూమ్మీద నిలబడి, అరవై కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నదాన్ని కొలిస్తే వచ్చిన తేడా అంతే.

గాలి సంగతీ పూర్తిగా కొట్టిపారేయడానికి లేకపోయింది. 1990ల చివర్లో హబుల్‌ టెలిస్కోపు గానిమీడ్‌ మీద ఆక్సిజన్‌ వెలుగు గుర్తించింది. 2021లో పాత హబుల్‌ ఫొటోల్నే మళ్లీ తిరగేస్తే నీటి ఆవిరి జాడా దొరికింది. కావలూరు చెప్పినదానికన్నా చాలా చాలా పల్చన. కానీ ఉంది. 'ఉందా?' అన్న ప్రశ్న సరైనదే. 'ఎంత?' అన్న లెక్కే తప్పింది. అదే టెలిస్కోపుతో 1977 మార్చి 10న యురేనస్‌ అడ్డొచ్చిన నక్షత్రాన్నీ గమనించారు. ఆ గ్రహం చుట్టూ వలయాలున్నాయని ప్రపంచానికి తెలిసిన రాత్రి అది. అప్పటి సాక్షుల్లో కావలూరూ ఒకటి.

వైను బప్పు 1982లో కన్నుమూశారు. కావలూరులో ఆయన కలగన్న 2.3 మీటర్ల పెద్ద టెలిస్కోపు 1986లో జాతికి అంకితమైంది. అప్పటికి ఆయన లేరు, ఆయన పేరుంది.

ప్రాణం తీసే మేఘం

చూడ్డానికి ముచ్చటగా ఉన్నా అయో మేఘం ప్రాణాంతకం. దాన్నుంచి వచ్చిన కణాలు గురుడి అయస్కాంత క్షేత్రంలో మరింత వేగం పుంజుకుని భయంకరమైన రేడియేషన్‌ను పుట్టిస్తాయి. రక్షణ లేకుండా అయో దగ్గర ఒక్క రోజు గడిపిన మనిషి బతికి బట్టకట్టడు. యంత్రాలకూ తిప్పలే. అందుకే జునో నౌక కంప్యూటర్లను టైటానియం పెట్టెలో పెట్టి పంపారు. 2023 డిసెంబరు 30న, 2024 ఫిబ్రవరి 3న అది అయోకు 1,500 కిలోమీటర్ల దగ్గర దాకా వెళ్లొచ్చింది.

అసలు సంగతి యూరోపా దగ్గరుంది. దాని మంచు పొర కింద ఉప్పునీటి సముద్రం ఉందని శాస్త్రవేత్తల నమ్మకం. నీరున్నచోట జీవం ఉండొచ్చన్న ఆశ. అయో వదిలిన గంధకం వెళ్లి యూరోపా మంచు మీదా పడుతోంది. పొరుగింటి పొగ మన ఇంటి సున్నానికి మసి పట్టించినట్టు, యూరోపా ఒకవైపు ముఖం ఎర్రబారడానికి అదీ ఓ కారణం. ఆ సముద్రానికి భూమి సూక్ష్మక్రిములు అంటకూడదనే, ఇంధనం అయిపోవచ్చిన గెలీలియో నౌకను 2003 సెప్టెంబరు 21న కావాలనే గురుడిలోకి దూకించి బూడిద చేశారు. అప్పటికి గోదావరి పుష్కరాలు ముగిసి రెండు నెలలు కూడా కాలేదు.

ఇప్పుడు రెండు నౌకలు అటే ప్రయాణం కట్టాయి. 2023 ఏప్రిల్‌ 14న బయల్దేరిన యూరప్‌ వాళ్ల 'జ్యూస్‌', 2024 అక్టోబరు 14న బయల్దేరిన నాసా 'యూరోపా క్లిప్పర్‌'. క్లిప్పర్‌ 2030లో, జ్యూస్‌ 2031లో గురుడిని చేరాలి. రేడియేషన్‌కు భయపడే క్లిప్పర్‌ యూరోపా చుట్టూ తిరగదు. దూరంగా ఉంటూ 49 సార్లు దగ్గరికెళ్లి వచ్చేస్తుంది. జ్యూస్‌ మాత్రం 2034 చివర్లో గానిమీడ్‌ చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు గానిమీడ్‌ గాలిని రోజుల తరబడి కొలుస్తారు. 1972 జూన్‌లో మబ్బు పట్టే ఆకాశం కింద కావలూరులో వేసిన ప్రశ్నకు, అరవై రెండేళ్ల తర్వాత అసలు జవాబు రాబోతోందన్నమాట.

మీరూ చూడొచ్చు

గురుడు దాదాపు 13 నెలలకోసారి భూమికి దగ్గరగా వస్తాడు. ఆ రోజుల్లో పొద్దుగూకగానే తూర్పున లేచి తెల్లవార్లూ కనిపిస్తాడు. 10×50 బైనాక్యులర్స్‌ చాలు. చేతులు వణక్కుండా గోడకో స్తంభానికో ఆనించాలి. సాయంత్రం ఓసారి, పడుకోబోయే ముందు ఓసారి నాలుగు చుక్కల బొమ్మ గీసుకోండి. రెండింటినీ పోల్చి చూస్తే గురుడికి దగ్గరగా ఉండి, కొన్ని గంటల్లోనే చోటు మారినట్టు కనిపించేది సాధారణంగా అయోనే. ఒక్కోసారి అది గురుడి వెనకో ముందో దాక్కుంటుంది. అప్పుడు మూడే కనిపిస్తాయి. కంగారు పడక్కర్లేదు, మర్నాడు బయటికొస్తుంది. పిల్లల చేత వారం రోజులు ఇలా గీయిస్తే గెలీలియో నోట్‌బుక్‌ మీ ఇంట్లోనే తయారైనట్టు!

గోదావరికి 1979లో పుష్కరాలొచ్చినప్పుడు వాయేజర్లు అయో నిప్పుల్ని చూసొచ్చి కొన్ని నెలలే అయింది. 2003 పుష్కరాలప్పుడు గెలీలియో తుదిశ్వాసకు సిద్ధమవుతోంది. 2015 పుష్కరాలప్పుడు జునో దారిలో ఉంది. 2027 పుష్కరాల వేళకు జ్యూస్, క్లిప్పర్‌ రెండూ దారిలోనే ఉంటాయి. ఆపై పుష్కరాల నాటికి, అంటే 2039కి, గానిమీడ్‌ గాలి కథ మన పిల్లల పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి ఉండొచ్చు. ఈలోగా ఓ రాత్రి వీధిదీపాలకు దూరంగా వెళ్లి తల ఎత్తి చూడండి. అదిగో గురుడు. ఆ పక్కనే ఉప్పు చల్లుకుంటూ పోతున్న చందమామ!